పురుటికి ఇంత చోటు

అద్దె ఇల్లు వెతకడం ఒక విద్య అయితే అందులో మా మేనత్తను మించిన పండితురాలిని నేను చూడలేదు. ఆమెకు సంతకం పెట్టడం రాదు. నైజాం రాజ్యంలో సర్కారు కాగితాలన్నీ ఉర్దూలో ఉండే రోజులు కనుక, తెలుగులో వచ్చినా పెద్ద లాభం ఉండేది కాదు. కానీ ఏ ఇంటి ముందైనా ఆమెను కాసేపు నిలబెడితే చాలు. ఆ ఇంట్లో అత్తాకోడళ్ళకు పడుతుందో లేదో, వానాకాలంలో కప్పు ఏ మూల కారుతుందో, యజమాని చెప్పిన అద్దెలో ఎంతవరకు దిగుతాడో చెప్పేసేది.

ఇప్పటివాళ్ళు గదులెన్ని అని అడుగుతారు. మా అత్త ముందు బావి దగ్గరికి వెళ్ళి చేంతాడు పట్టుకుని చూసేది. మిట్టమధ్యాహ్నం కూడా తాడు తడిగా ఉంటే అక్కడి మనుషులు కలిసి ఉంటున్నారని, ఎండిపోయి ఉంటే ఎవరి కుండ వాళ్ళు దాచుకుంటున్నారని ఆమె నమ్మకం. తర్వాత పక్కింటికి వెళ్ళి పొయ్యిలోకి నిప్పు అడిగేది. పిడక మీద పెట్టి చేతికందిస్తే సరే. గడప అవతల పడేసి ఏరుకోమంటే ఆ వీధి మొహం మళ్ళీ చూసేది కాదు. ఇల్లు చూసి ఇల్లాలిని చూడమంటారు గానీ, మా అత్త ఇల్లాలిని చూసిన తర్వాతే ఇల్లు చూసేది.

ఇక బేరం. అడిగిన అద్దె అడిగినట్టు ఇచ్చేయడం ఆమె దృష్టిలో తెలివితక్కువ మాత్రమే కాదు, మర్యాద తక్కువ కూడా. "బేరం చెయ్యకుంటె వాళ్ళను మనుషుల లెక్క చూడనట్టే" అనేది. నాకు ఆ మాట అప్పట్లో నవ్వులాటగా ఉండేది.

మాది నేతపనివాళ్ళ ఊరు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు, జర్మనీతో లడాయి, అంటే యుద్ధం, ముదిరి నూలు దొరకడం మానేసింది. మా ఇంట్లో మగ్గం గుంటలో కోడిపెట్ట గుడ్లు పొదిగింది. దాన్ని లేపి తరమడానికి కూడా ఎవరికీ మనసు రాలేదు, ఆ గుంటలో అదొక్కటే పని చేస్తోంది కనుక. అప్పుడు మా నాన్న కుట్టుపని నేర్చుకుని, బేగంపేట దిక్కున ఒక దర్జీ దుకాణంలో సిపాయిల ఖాకీ బట్టలు కుట్టే పనికి కుదిరాడు. దుకాణంలో ఆయన ఒక్కడూ బల్ల మీద పడుకోవచ్చు. మేము ముగ్గురం, అంటే అమ్మ, నేను, మా మేనత్త, ఎక్కడుండాలన్నది ఎవరూ ఆలోచించలేదు. అత్త చిన్నతనంలోనే భర్త పోయి మా ఇంట్లో ఉండిపోయిన మనిషి. అమ్మకు ఎనిమిదో నెల దాటింది. పుట్టింటికి పంపుదామంటే వాళ్ళు అప్పటికే షోలాపూర్ మిల్లులకు తరలిపోయారు. నెల తిరిగేలోగా అమ్మ నీళ్ళాడటానికి ఒక కప్పు కావాలి. అదీ మా అవసరం.

హైదరాబాదు అప్పటికే చూడవచ్చేవాళ్ళ ఊరు. చార్మినార్ చూడటానికి, గోలకొండ ఎక్కడానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాళ్ళు. వాళ్ళ కోసం సరాయిలు, సత్రాలు ఉండేవి. మూడు రోజులు ఉండనిస్తారు, నాలుగో రోజు మూట సర్దుకోవాలి. మా అత్త దీనికి ఒక ఉపాయం కనిపెట్టింది. మూడు రోజులు సరాయిలో, మూడు రోజులు సత్రంలో, ఆపైన చీర మార్చుకుని మళ్ళీ సరాయిలో. రెండోసారి వెళ్ళేసరికి సరాయి వాకిట కాపలా ఉండే దర్వాన్, గోరింటాకు రంగు గడ్డం ముసలాయన, మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

"అమ్మా, చీర మార్చినవు గని మొగం మార్చలే గద" అన్నాడు.

అత్త ఏదో అనబోయింది. ఆయన అమ్మ వైపు చూసి గొంతు తగ్గించాడు. "బేటీకి దినాలు దగ్గర పడ్డయి. గీ గుంపుల ఎట్లయితది? గీ మూడు దినాలు ఉండుండ్రి. అమీర్‌పేట దిక్కు పోయి చూడుండ్రి. అంతా తోటలు. కిరాయి సుత తక్కువ."

"చూడవచ్చినోళ్ళకు చోటున్నది, బతకవచ్చినోళ్ళకు లేదు" అంది అమ్మ మూట దించుతూ.

"ఉంటది. మనమే సరిగ్గ చూడలే" అంది అత్త. ఆమె చేతకానితనాన్ని తన మీద వేసుకునేది గానీ ఊరి మీద ఎప్పుడూ వేయలేదు. ఆ గుణం నాకు రాలేదు. నాకు ముందు ఊరి మీదే కోపం వస్తుంది.

మర్నాడే బయలుదేరాం. అమీర్‌పేట అప్పుడు ఊరి చివర. మట్టిబాట, జామతోటలు, ఇక్కడో ఇల్లు అక్కడో ఇల్లు. మొదట మా కులంవాళ్ళ ఇంటికే వెళ్ళాం, మనవాళ్ళు కదా అని. ఇల్లాలు మంచినీళ్ళిచ్చింది, తమలపాకులిచ్చింది, అత్త ఊరూ పేరూ అడిగి చుట్టరికం కూడా కలిపింది. ఖాళీ గది కూడా చూపించింది. అమ్మ లేచి నిలబడేసరికి ఆమె మాట మారిపోయింది.

"మా ఇంట్ల పిల్ల పెండ్లున్నది వదినా. పురుడైతె పదకొండొద్దులు మైల. దేవుని అర్ర సుత గీడనే ఉన్నది. ఏమనుకోకుండ్రి."

తర్వాతి రెండు ఇళ్ళలోనూ అదే జవాబు, పెళ్ళి ఒక్కటే లేదు. బోరబండ దాకా వెళ్ళాం. అక్కడ రాళ్ళు కొట్టేవాళ్ళు ఏ అభ్యంతరమూ చెప్పలేదు. "జాగ మస్తున్నది, గుడిసె ఏస్కోండ్రి" అన్నారు. కానీ గుడిసె వేసే చేతులు మాకు లేవు, వానలు దగ్గర పడ్డాయి.

తిరిగి వస్తూ దారిలో ఆగినప్పుడు మా అత్త ఒక నిర్ణయానికి వచ్చింది. ఇకనుంచి కడుపు సంగతి ఎక్కడా తెలియనివ్వకూడదు. పరుపుచుట్ట అమ్మ రెండు చేతులతో ముందుకు పట్టుకోవాలి. నేను దానికి ముందు నిలబడాలి. మాటలన్నీ అత్తే మాట్లాడాలి. గదిలోకి చేరాక పురుడైతే బాలింతను రోడ్డు మీదికి తోసే కసాయివాళ్ళు ఉండరని ఆమె ధైర్యం. అబద్ధం ఆడబోతున్నందుకు బల్కంపేటలో ఎల్లమ్మ దగ్గర ఆగి ముందే చెప్పుకుంది. "తల్లీ, పురుటికి ఇంత చోటు చూపెట్టు. తప్పయితె నా లెక్కల ఏస్కో, పిల్లల లెక్కల ఏయకు" అంది. నేను పక్కనే ఉండి విన్నాను.

ఇల్లు పంజాగుట్ట రాళ్ళ కింద దొరికింది. సీతాఫలం పొదల మధ్య రెండు గదుల పెంకుటిల్లు, ఒక చేదబావి. కేకేస్తే వినబడేంత దూరంలో ఇంకో రెండిళ్ళు మాత్రమే ఉన్నాయి. ఇంటావిడ నలభై దాటిన మనిషి. తెల్ల చీర, మెడలో నల్ల తాడుకు చిన్న సిలువ. ఆమె భర్త సోమాజిగూడలో ఒక బంగళాలో వంట చేసి, ఆ ఇల్లు కట్టి, కాలం చేశాడట. తాను దవాఖానాలో పని చేస్తానని చెప్పింది. మా అత్త ఆమె చేతుల వంక చూసింది. గోళ్ళు మొదలంటా కత్తిరించి ఉన్నాయి, వేళ్ళు సబ్బుకు నాని తెల్లబడ్డాయి. దవాఖానాలో గిన్నెలు కడిగే పని కాబోలని అత్త తీర్మానించింది. చేతులు చూసి మనిషిని చదవగలనని ఆమెకు మహా గర్వం.

"ఎంతమంది ఉంటరు?" అని అడిగింది ఇంటావిడ.

"నలుగురం. నేను, తమ్ముడు, మరదలు, గీ పోరి."

ఆమె నా వైపు, నా వెనక పరుపుచుట్ట వైపు, దాని వెనక చెమటలు కక్కుతున్న మా అమ్మ వైపు చూసింది. "అర్ర ఐదుగురికి సరిపోతది తియ్" అంది.

"నలుగురమని చెప్తి గదా!"

"సరె అక్కా, నలుగురే."

ఇంటావిడ అద్దె చెప్పింది. అమీర్‌పేటలో విన్నదాంట్లో సగం. అయినా ఆచారం తప్పకూడదని ఇంకొంచెం తగ్గించమంది. ఇంటావిడ వెంటనే సరేనంది. బేరం అంత తొందరగా తెగడం మా అత్తకు అవమానంగా తోచింది. పాముంటుందా, దయ్యముంటుందా, బావిలో ఉప్పు నీళ్ళా అని ఆ పూటంతా గొణుక్కుంది. బావి నీళ్ళు తియ్యగా ఉన్నాయి.

ఆ ఇంట్లో మాత్రం అత్త నిప్పు అడగలేదు. అడిగితే తీసుకోవలసి వస్తుంది. ఇంటావిడ కిరస్తానీ అని, ఆమె తాతలది మా ఊళ్ళల్లో ఊరవతలి వాడ అని, ఆమె చేతి నిప్పుగానీ నీళ్ళుగానీ మాకు పనికిరావని మాకందరికీ ఒక లెక్క. మూట దించకముందే అత్త ఆ షరతులు చెప్పింది. మా కుండలు మావి, మీ కుండలు మీవి. మా పొయ్యి దిక్కు రావద్దు. "నాకెరికే అక్కా" అంది ఆమె. ఇది రాయడానికి ఇవాళ నాకు సిగ్గుగా ఉంది. ఆనాడు మాత్రం ఏమీ అనిపించలేదు, గాలి వీచినట్టే అనిపించింది. నిజం దాచి ఇల్లు తీసుకున్నదీ మేమే, దూరముండమని చెప్పిందీ మేమే.

నాన్న బేగంపేట నుంచి రోజూ నడిచి రావడం మొదలుపెట్టాడు. అమ్మ పగలంతా గదిలోనే కూర్చునేది, ఒళ్ళో ఎప్పుడూ బొంత. ఎండాకాలం పోకముందే బొంత కప్పుకునే మనిషిని చూసి ఎవరికైనా అనుమానం రావాలి. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టే మేము ఆ ఇంట్లో బతికాం. దూరపు ఇళ్ళవాళ్ళతో మాట్లాడకూడదని అత్త నన్ను కట్టడి చేసింది, నోరు జారతానని. వాళ్ళతో ఒక్కరోజు మాట్లాడి ఉంటే ఇంటావిడ దవాఖానాలో ఏం పని చేస్తుందో మాకు తెలిసిపోయేది.

మేము చేరిన రెండో రోజే ఆమె తన నులకమంచం మా గదిలో వేయించింది. మూడో రోజు అత్తతో, "గిలక జారుతున్నది. నీ మరదలిని చేదనియ్యకు. నేను చేది గాబుల పోస్త" అంది. తాడు అరుగుతుందని పిసినారితనం, అనుకుంది అత్త. గాబులో నీళ్ళు స్నానాలకు వాడుకుని, తాగేందుకూ వంటకూ మాత్రం అత్త తనే చేదేది, అదీ తాడూ బొక్కెనా మూడుసార్లు కడిగి. ఇంటావిడ తన గడపలో బియ్యం ఏరుకుంటూ అది చూసేది. చూసి తల వంచుకునేది. ఇంకోరోజు నన్ను పిలిచి, "మీ అమ్మను గుట్ట మీదికి పుల్లలకు పోనియ్యకు బిడ్డా, తేళ్ళున్నయి" అంది. పుల్లలు మనకు దక్కకుండా చూస్తోంది, అంది అత్త. వారానికి రెండుసార్లు మా గడప మీద మునగాకు కట్ట కనిపించేది. ఆకు పచ్చిదే కనుక తీసుకోవచ్చని అత్త తీర్పు చెప్పింది. మునగాకు చూలింతకు బలమని ఆమెకు తెలియదా? తెలుసు. తెలిసీ అనుమానించలేదు. తను దాచిన దాన్ని ఇంకొకరు చూడగలరని ఒప్పుకోవడం ఆమెకు కష్టం.

చేరిన పదహారో రోజు ఆదివారం. ఖాకీ బట్టలకు సెలవు లేదు కనుక నాన్న పొద్దున్నే వెళ్ళిపోయాడు. అత్త బావి దగ్గరుంది. అమ్మ గోడ పట్టుకుని ఒక్క మూలుగు మూలిగింది. కక్కొచ్చినా కల్యాణమొచ్చినా ఆగదంటారు, కానుపు ఆ రెంటికీ పెద్దక్క. అత్త పరుగున వచ్చి అమ్మను లోపలికి తీసుకుపోయి నాతో, "నువ్వు బయట నిలబడి పాట పాడు. గట్టిగ పాడు" అని తలుపేసింది.

నేను పాడాను. బతుకమ్మ పాట, ఆ రుతువుకు సంబంధం లేని పాట. లోపల అమ్మ అరిచినప్పుడల్లా గొంతు పెంచాను. భయంతో ఏడుస్తూ పాడాను. అప్పుడే ఇంటావిడ ప్రార్థనకు బయలుదేరింది. ఉతికిన తెల్ల చీర, చేతిలో పుస్తకం. నా ముందు ఆగి కాసేపు విన్నది.

"పాట మల్ల పాడుదువు గని, పోయి మా పొయ్యి మీద పెద్ద గిన్నెల నీళ్ళు పెట్టు బిడ్డా" అంది. పుస్తకం నా చేతికిచ్చి, కొంగు నడుముకు దోపి, తలుపు కొట్టింది. "అక్కా, తలుపు తియ్. నొప్పులు మొదలయి ఎంత సేపాయె?"

"నొప్పులేంది? తిన్నది అరగలే" అంది లోపలినుంచి అత్త.

"తొమ్మిది నెలల సంది అరగని తిండి ఏం తిండక్కా? తలుపు తియ్. నా పని గిదే. దవఖానల ఇరవై ఏండ్ల సంది పురుళ్ళు పోస్తున్న."

తలుపు తెరుచుకుంది. నేను ఆ పుస్తకాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక చంకలో పెట్టుకునే నీళ్ళు కాచాను.

తర్వాత జరిగింది నేను చూడలేదు. అత్త బతికున్నంతకాలం చెబుతూ వచ్చింది. బిడ్డ మెడకు పేగు రెండు చుట్లు చుట్టుకుందట. ఊళ్ళో పదిమందికి పురుడు పోసిన మా అత్త చేతులే ఆగిపోయాయట. ఇంటావిడ వేలు దూర్చి, జాకెట్టు దారం తీసినంత సుతారంగా ఆ చుట్లు విప్పిందట. బిడ్డ ఏడవలేదు. నోట్లో చిటికెనవేలు తిప్పి, కాళ్ళు పట్టి ఎత్తి, వీపు మీద చరిచిందట. మూడో దెబ్బకు వినిపించిన ఏడుపు మాత్రం నేను విన్నాను. తమ్ముడు. అప్పుడు నాకు ఆమె మీద కలిగిన ప్రేమ ఇంతా అంతా కాదు. పరుగెత్తి పట్టుకుందామనుకున్నాను. ఇంట్లో ఎవరూ ఆమెను ముట్టుకోరని గుర్తొచ్చి ఆగిపోయాను.

మధ్యాహ్నానికి అమ్మ నిద్రపోయింది. ఇంటావిడ చేతులు కడుక్కుని తన గడపలో కూర్చుంది. చీరంతా పాడైపోయింది. అత్త వచ్చి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"నీ ప్రార్థన పోయె. నీ చీర పోయె" అంది.

"మంత్రసానితనం ఒప్పుకున్నంక ఏదొచ్చినా పట్టాలె. చీరదేముంది?"

"పురుడని తెలిస్తె ఇల్లియ్యవనుకున్న. అబద్ధం చెప్పిన."

"నాకు మైల లేదు, పాడు లేదు. దినాం గదే పని. మొదటి దినమే చూసిన. పరుపుచుట్ట ఎవరన్న అట్ల పట్టుకుంటరా?"

 అత్త ఇన్నాళ్ళూ గొంతులో పెట్టుకున్నది అడిగింది. "కిరాయి గంత తక్కువ ఎందుకు చెప్పినవు? పామున్నదా, దయ్యమున్నదా?"

ఆమె నవ్వింది. "రెండూ లేవక్కా. నా చేతి నీళ్ళు తాగనోళ్ళను నిండు కిరాయి ఎట్ల అడుగుత? సగం చెప్తె ఎవరన్న ఉంటరేమోనని. వస్తరు, సిలువ చూస్తరు, పోతరు. ఇంట్ల మనిషి చప్పుడు లేక మూడేండ్లయింది."

ఆమె అది ఫిర్యాదులా చెప్పలేదు. వానలు ఆలస్యమయ్యాయని చెప్పినట్టు చెప్పింది. మా అత్త మొహం చూడలేకపోయాను. చేంతాడు చూసి, నిప్పు చూసి, చేతులు చూసి మనుషులను చదివే మా అత్త పదహారు రోజులుగా పక్క గడపలో ఉన్న మనిషిని చదవలేకపోయింది. ఆ సంగతి ఆమెకు అప్పుడే అర్థమైందని నాకనిపించింది.

అత్త మోకాళ్ళ మీద ముందుకు జరిగి దోసిలి పట్టింది. "పొయ్ చెల్లె. దూపయితున్నది."

ఇంటావిడ కదలలేదు. "గా కుండ మీది కాదక్కా, నాది."

"ఎరికే. పొయ్."

ఆమె చెంబుతో ముంచి పోసింది. దోసిలి నిండి సగం నీళ్ళు కింద పడ్డాయి. అత్త తాగింది. ఇంకా పొయ్యమంది. మళ్ళీ తాగింది. నీళ్ళు మోచేతుల దాకా కారాయి. కొంగుతో మూతి తుడుచుకుని, గొంతు సవరించుకుంది. ఆ సవరింపు నాకు తెలుసు, బేరానికి ముందు చేసేది.

"వచ్చే నెల సంది నిండు కిరాయి తీస్కో" అంది.

"వద్దక్కా, ఒప్పుకున్నదే ఇయ్యి."

"ఎట్ల వద్దు? అమీర్‌పేటల ఎంతున్నదో నాకు తెల్వదా?"

"పోనీ పావు పెంచుండ్రి."

"పావేంది? నువ్వే చెప్తివి, ఐదుగురమని."

ఆమె తగ్గిస్తోంది, మా అత్త పెంచుతోంది. ఇద్దరి గొంతులూ లేచాయి. ప్రార్థన పుస్తకం ఇంకా నా చంకలోనే ఉంది. మొదటి రోజు ఒక్క మాటతో తెగిన బేరం ఈసారి లోపల బిడ్డ లేచి, ఏడ్చి, పాలు తాగి మళ్ళీ నిద్రపోయేదాకా తెగలేదు.